రొట్టెల కొట్టు కింద ఏరు

మా ఆవిడ కుట్టుపని చేస్తుంది. ముందు గదిలోనే మిషను. స్కూలు యూనిఫాములు, ఆస్పత్రి దుప్పట్లు, ఎవరైనా పట్టుకొస్తే ఊడిన జిప్పులు. నేను సిటీ బస్సు నడుపుతాను. మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఇంట్లో అందరికంటే తీరిక లేనిది ఆవిడకే, మా ఇద్దరి పనీ చూసుకోవాలి కదా.

మా పేట ఏటవాలు మీద ఉంటుంది. వాలుకి పైకొసన మూతపడిన ఫ్యాక్టరీ. అందులో ఒకప్పుడు బేరింగులు చేసేవాళ్ళు. చేసిన సరుకుకి జిడ్డు వదలడానికి ఏదో మందులో ముంచి తీసేవాళ్ళట. ఆ మందు పీపాలు కారి కారి నేలలోకి ఇంకాయి. ఫ్యాక్టరీ పోయింది, యజమానులు పోయారు, మందు మాత్రం నేలలో ఉండిపోయింది. తాగితే ఒక చేటు, ఆవిరి పీలిస్తే ఇంకో చేటు అని పర్యావరణ శాఖవాళ్ళు గోడలకి కాగితాలు అంటించారు. మేం తాగేది కుళాయి నీళ్ళే కాబట్టి ఆ కాగితాలు మామూలు పోస్టర్లలాగే వానకి తడిసి ఊడిపోయాయి.

తర్వాత ఆ శాఖవాళ్ళే పేటలో సభ పెట్టారు. ఫ్యాక్టరీ నేలంతా మందంగా కాంక్రీటు పరిచేసి వదిలేస్తాం, మీ అభిప్రాయం చెప్పండి అన్నారు. మా ఆవిడ వెళ్ళింది. ఆవిడ వెళ్ళింది కాబట్టి నేనూ వెళ్ళాను.

ఆఫీసరు సన్నగా, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఉన్నాడు. గోడ మీద పటం చూపించి చెప్పాడు. పైకి చూస్తే వాలు మీ ఇళ్ళవైపు ఉన్నట్టుంటుంది గానీ, లోపల బండ వాలు అవతలివైపు ఉంది, కాబట్టి నేలలో నీళ్ళు ఫ్యాక్టరీ వెనక బీడులోకి పోతాయి, మీకు భయం లేదు అని. కొందరు అరిచారు, కొందరు చప్పట్లు కొట్టారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదని నా నమ్మకం, ఎందుకంటే నాకు కాలేదు.

మా ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి అని మా అమ్మ అందరికీ చెబుతుంటుంది. అది పొగడ్తో ఫిర్యాదో నాకు ఇప్పటికీ తెలీదు. అలాంటి మనిషి లేచి నిలబడింది.

"నీళ్ళు అటు పోతాయని ఎవరు చూశారండీ?" అంది.

"లెక్కలు అలా చెబుతున్నాయమ్మా," అన్నాడు ఆఫీసరు.

"లెక్కలు సరేనండీ. ఎవరైనా చూశారా అని."

ఆయన కళ్ళజోడు కిందకి దించి ఆవిడవంక చూశాడు. అబద్ధం చెప్పి తప్పుకోవచ్చు. చెప్పలేదు. "చూడలేదమ్మా," అన్నాడు.

సభ అయ్యాక ఆయనే మా దగ్గరికి వచ్చాడు. ఇలాంటి చోట్ల చుట్టుపక్కల జనానికి సర్కారు కొంత సొమ్ము ఇస్తుందట. ఆ సొమ్ముతో వాళ్ళకి నచ్చిన నిపుణుణ్ణి వాళ్ళే పెట్టుకుని, శాఖ చెప్పేది నిజమో కాదో చూసుకుని, సభలో గట్టిగా మాట్లాడొచ్చట. "చట్టంలో ఉంది. ఇక్కడ ఇంతవరకూ ఎవరూ అడగలేదు," అన్నాడు.

"మిమ్మల్ని తప్పుపట్టడానికి మీరే డబ్బిస్తారా?" అన్నాను.

"మేం తప్పయితే ఇప్పుడే తెలియడం మంచిది కదండీ," అన్నాడాయన.

నేను బస్సులో రోజూ వందలమందిని చూస్తాను. అలాంటి మాట అన్న సర్కారు మనిషిని మాత్రం అదే మొదటిసారి చూడటం. 

పేటవాళ్ళు కలిసి సంఘం పెట్టుకున్నారు. ఎవరితోనూ తగువు లేని మనిషి కాబట్టి మా ఆవిణ్ణి ముందు నిలబెట్టారు. తిరగాల్సినంత తిరిగాక సొమ్ము వచ్చింది. దాంతో గొడవా వచ్చింది. ఇంటింటికీ పంచేయమని కొందరు, నీళ్ళ ఫిల్టర్లు కొనమని కొందరు, కోర్టుకెక్కమని కొందరు. వేటికీ వీల్లేదు. నిపుణుడి ఫీజు, హాలు అద్దె, సభకి వచ్చే తల్లుల పిల్లల్ని చూసుకునే మనిషికి కూలి, రిపోర్టుని మన మాటల్లోకి మార్చే ఖర్చు, ఇంతవరకే.

"కొనుక్కోవడానికీ కాదు, పంచుకోవడానికీ కాదు. మరి దేనికే ఈ డబ్బు?" అంది మా అమ్మ.

"అడగడానికి అత్తయ్యా," అంది మా ఆవిడ. "మనం ఒక ప్రశ్న అడగడానికి."

"ప్రశ్న అడగడానికి డబ్బెందుకే, నేను రోజూ ఊరికే అడుగుతున్నాను."

"మీరు అడిగితే మేం జవాబు చెబుతాం. నేల చెప్పాలంటే ఖర్చవుతుంది."

మేం పెట్టుకున్న నిపుణురాలు పక్క నగరం నుంచి వచ్చింది. తల నెరిసింది, బూట్లకి ఎప్పుడూ మట్టి. నేలలోపలి నీళ్ళ నడక చదవడం ఆవిడ పని. మా అమ్మ మొదటిరోజే 'నీళ్ళ డాక్టరు' అని పేరు పెట్టేసింది. పేటంతా అదే పేరు. డాక్టరు వారం పాటు పేటంతా కాలినడకన తిరిగింది. పాతవాళ్ళందరినీ ఇక్కడ వాగులుండేవా, బావులుండేవా అని అడిగింది. ఒకాయన ఇటుండేదన్నాడు, ఒకావిడ అటుండేదంది, మా అమ్మ రెండు చోట్లా ఉండేదంది.

చివరికి డాక్టరు మా ముందు గదిలో కూర్చుని, "శాఖవాళ్ళకీ తెలీదు, మీకూ తెలీదు, నాకూ తెలీదు. నీళ్ళనే అడుగుదాం," అంది.

సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఇటుకపొడిలా ఎర్రటి పొడి. దాన్ని ఫ్యాక్టరీ నేలలో పోసి, అది ఎక్కడ తేలుతుందో చూస్తారట. ఇది మాత్రం విషం కాదా అని మా అమ్మ నిలదీసింది.

"కంటి డాక్టర్లు కంటిలోపల చూడటానికి వాడేది ఇదేనమ్మా."

మా అమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "నా కంట్లో కూడా వేశారు పోయినేడు. అయితే నేల కంటిపరీక్ష అన్నమాట," అంది. డాక్టరు నవ్వి, ఇన్నేళ్ళ సర్వీసులో తన పనిని ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదంది. ఆ తర్వాత మా అమ్మ ఆ మాట నా బస్సు డిపో దాకా వచ్చి చెప్పింది.

రంగు ఎక్కడ తేలినా పట్టుకోవడానికి బొగ్గుపొడి నింపిన చిన్న వలసంచులు కావాలి. నీళ్ళలో వేలాడదీస్తే, కంటికి కనపడనంత పల్చటి రంగు కూడా ఆ బొగ్గుకి పట్టుకుంటుందట. అవి మా ఆవిడ కుట్టింది. ఇల్లంతా నల్లటి సంచులు. నా అన్నం గిన్నె పక్కన కూడా ఒకటి దొరికింది. పేటలో పాడుబడ్డ బావులు, మురుగు కాలవలు, సెల్లార్లలో ఊటగుంతలు, ఎక్కడ నేలనీళ్ళు కనిపిస్తే అక్కడ ఒకటి కట్టారు. ఫ్యాక్టరీ వెనక బీడులో శాఖవాళ్ళూ కట్టుకున్నారు.

ఒక్క రొట్టెల కొట్టాయన మాత్రం ఒప్పుకోలేదు. ఆయన కొట్టు వాలుకి అడుగున, పెద్ద రోడ్డు దాటాక ఉంటుంది. పేటంతా పొద్దున్నే ఆయన రొట్టెలతోనే లేస్తుంది. సెల్లార్లో పిండి కలుపుతారు, పైన కాలుస్తారు, ముందు అమ్ముతారు.

"నా కొట్టు పేరు ఆ ఫ్యాక్టరీ పక్కన ఎవరి నోటవెంటా వినపడకూడదమ్మా," అన్నాడు మా ఆవిడతో. "విషం అన్న మాట ఒక్కసారి పుడితే చాలు, నా రొట్టె ఎవడూ ముట్టడు. నిజమా కాదా అని ఎవడూ ఆగడు."

మా ఆవిడ వాదించలేదు. "మీరన్నది నిజమే అన్నయ్యగారూ," అని ఒక సంచి బల్ల మీద పెట్టి వచ్చేసింది. దాన్ని ఆయన సొరుగులో పడేశాడు. నేను చూశాను.

రంగు పోసిన రోజు ఫ్యాక్టరీ గేటు తెరిచారు. నేను పుట్టి పెరిగిన పేటలో నేను ఎన్నడూ అడుగుపెట్టని చోటు అది. లోపల కప్పు గుడి గోపురమంత ఎత్తు, పైన పగిలిన అద్దాల్లోంచి ఎండ కింద పడుతోంది. నేల మీద పీపాలు నిలబెట్టినచోట గుండ్రటి మచ్చలు, ఒకదాని పక్కన ఒకటి, వరసలు వరసలుగా, గది ఆ చివరిదాకా. 

పగిలిన నేలలో గొయ్యి ఉంది. ఆఫీసరు పక్కన నిలబడ్డాడు. డాక్టరు ఆ ఎర్రపొడిని బకెట్టు నీళ్ళలో వంచింది. పొడి నీళ్ళని తాకిందో లేదో, ఎరుపు పచ్చగా మారిపోయింది. పచ్చ అంటే ఆకుపచ్చ కాదు, చిలకపచ్చ కాదు. లోపల దీపం పెట్టినట్టు వెలిగే పచ్చ. గొయ్యిలోకి పోస్తుంటే తాడులా మెరుస్తూ దిగింది. ట్యాంకరు నీళ్ళు వెనకే వదిలారు. కాసేపటికి నేల దాన్ని తాగేసింది, ఏమీ లేనట్టు నల్లగా మిగిలింది.

"లోకంలో ఇలాంటి రంగొకటి ఉందని తెలీకుండానే పోయేదాన్ని," అంది మా అమ్మ మెల్లగా.

ఇక ఎదురుచూపు. సంచులు తీస్తున్నారు, కొత్తవి కడుతున్నారు, పాతవి పరీక్షకి పంపుతున్నారు. బావుల్లో లేదు. కాలవల్లో లేదు. బీడులో శాఖవాళ్ళకీ లేదు. రంగు ఎటూ పోలేదు, నేల మింగేసింది అనుకున్నారు. నా బస్సులోనే ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను: "రంగునీళ్ళ కోసం సర్కారు సొమ్ము తగలేసింది ఆ మిషనావిడ." అద్దంలో చూసి ఏదో అందామనుకుని, సిగ్నలు పడితే మాట మింగేశాను. మా ఆవిడ చెవినా ఇలాంటివి పడుతూనే ఉన్నాయని నాకు తెలుసు. మిషను చప్పుడు మాత్రం ఆగలేదు.

ఒకరోజు పొద్దున్నే తలుపు తట్టారు. తీస్తే రొట్టెల కొట్టాయన. మోచేతుల దాకా పిండి. కొట్టు తెరిచే వేళ అది, ఆ వేళప్పుడు ఆయన బయట కనపడటమే వింత.

"మీ ఆవిణ్ణి ఒకసారి రమ్మనండి," అన్నాడు నాతో. "మీరూ రండి."

సెల్లారు మెట్లు దిగాం. పిండి తొట్లు, బస్తాలు, గోడకి గంటెలు. మూల పలకతో మూసిన ఊటగుంత, అందులో పంపు. ఆయన అక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది. వయసులో ఆయనకంటే చాలా పెద్దది, పెళ్ళి చేసుకోలేదు, పేటంతా తినే రొట్టెలకి పిండి కలిపేది ఆవిడే. ఆయన పలక పక్కకి తీశాడు. దీపం ఆర్పేశాడు.

ఇప్పటికీ దాన్ని ఎలా చెప్పాలో నాకు తెలీదు. గుంత నిండా ఆ వెలుగే. పైన చిన్న కిటికీలోంచి పొద్దుటి వెలుతురు పడుతుంటే, నీళ్ళు కింద నుంచి ఊరుతూ, ఊరినప్పుడల్లా పచ్చటి మబ్బులా విచ్చుకుంటున్నాయి. ఆ పచ్చ మా మొహాల మీదా, పిండి పూసిన గోడ మీదా పడింది. వాలు పైన ఫ్యాక్టరీలో నా కళ్ళముందు నేలలోకి దిగిన నీళ్ళు అవి. ఎవరూ చూడని దారిలో, ఎన్నో ఇళ్ళ కింద, స్కూలు కింద, పెద్ద రోడ్డు కింద చీకట్లో నడిచి నడిచి ఇక్కడికొచ్చి బయటపడ్డాయి.  మా ఆవిడ గుంత పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

"నిన్న పొద్దున్నే చూశాను," అన్నాడు కొట్టాయన. "పంపు వేసి మొత్తం తోడేశాను. ఎవరికీ తెలీదు కదా అనుకున్నాను. ఇవాళ మళ్ళీ నిండింది."

"మళ్ళీ తోడేయొచ్చు కదా అన్నయ్యగారూ," అంది మా ఆవిడ. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఆయన వాళ్ళ అక్కవైపు చూశాడు. "నేను తోడుతుంటే ఆవిడ మెట్ల మీద నిలబడి చూసింది. ఒక్క మాట అనలేదు. ఎన్నేళ్ళుగానో ఇక్కడికి దిగితే తల తిరుగుతోంది అంటుంది. అలసట అక్కా, కాసేపు కూర్చో అంటాను. ఆ నీళ్ళు పోతుంటే..." ఆపేశాడు. పలకని గోడకి ఆనించి, "రొట్టెలు ఇంకెక్కడైనా కాల్చుకోవచ్చు," అన్నాడు.

ఆ మనిషి నాకు ఎప్పట్నుంచో తెలుసు. చిల్లర దగ్గర కూడా కచ్చితంగా ఉంటాడు. ఆ పొద్దున ఆయన అక్కడ నిలబడి ఉంటే, నా కంటికి ఫ్యాక్టరీ కప్పంత ఎత్తుగా కనిపించాడు.

డాక్టరు మధ్యాహ్నానికి వచ్చింది. మెట్లు దిగి చూసింది. పరీక్ష గొట్టంలో నీళ్ళు తీసి వెలుతురుకి పట్టుకుంది. "నేను ఈ పనిలో ముసలిదాన్నయ్యాను. ఎప్పుడూ మిషను చెప్పే అంకెలే చూస్తాం. ఇంత బాహాటంగా నీళ్ళు వచ్చి ఇదిగో నేను అని నిలబడటం ఎన్నడూ చూడలేదు," అంది. ఇక్కడెక్కడో పాత ఏరు ఉండి ఉంటుందనీ, ఊరు కట్టేటప్పుడు దాన్ని రాళ్ళూ రప్పలతో పూడ్చి పైన ఇళ్ళు కట్టి ఉంటారనీ, ఏరు మాత్రం తన దారి తాను పోతూనే ఉందనీ చెప్పింది. మనం బావుల్లో వెతుకుతుంటే అది వాటి పక్కనుంచి జారుకుంటూ వచ్చిందట.

అది పట్టుకొస్తున్నది ఒక్క రంగునే కాదు. ఆ గుంత దగ్గర గాలి పరీక్ష చేస్తే జిడ్డుమందు ఆవిరి తేలింది. అలాంటి సెల్లార్లు ఆ వరసలో ఇంకా ఉన్నాయి.

ఆ సాయంత్రం కొట్టాయన తలుపులు బార్లా తీసి, పేటవాళ్ళందరినీ రానిచ్చాడు. డాక్టరు ముందుగా ఫ్యాన్లు పెట్టించి, ఒకరి తర్వాత ఒకరు గబగబా దిగి చూసి రమ్మంది. దిగేటప్పుడు తోసుకున్నారు, మాట్లాడుకున్నారు. ఎక్కేటప్పుడు ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. నా బస్సులో మా ఆవిణ్ణి ఆడిపోసుకున్న ఇద్దర్లో ఒకడు పైకొచ్చి, కొట్టు ముందు నిలబడి, కాళ్ళకింద నేలవంక చూసుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు బస్సు తీసుకుని పెద్ద రోడ్డెక్కాను. ఆ రోడ్డు మీద నేను ఎన్నివేల సార్లు వెళ్ళానో లెక్కలేదు.  నా చక్రాల కింద ఏరు పోతోంది. ఇంతమంది జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు, టికెట్టుకి చిల్లర వెతుక్కుంటున్నారు. కింద అది తన మానాన తాను పోతోంది. నెమ్మదిగా పోనిచ్చాను. వెనక నుంచి హారన్లు కొట్టారు, కొట్టనీ అనుకున్నాను.

రెండో సభ జరిగింది. కదల్లేని పెద్దవాళ్ళని తీసుకురావడానికి బండి పెట్టారు. పక్కగదిలో పిల్లలు ఆడుకుంటుంటే తల్లులు నిశ్చింతగా కూర్చున్నారు. ఇదంతా ఆ సొమ్ముతోనే. మొదటి సభలో కుర్చీలు సగం ఖాళీగా ఉండటానికి కారణమేంటో నాకు అప్పుడర్థమైంది.

డాక్టరు వివరంగా చెప్పింది. ఆఫీసరు లేచి, పటం దగ్గరికి వెళ్ళి, తను గీసిన బాణం మీద చెయ్యి పెట్టి, "ఇది తప్పు," అన్నాడు. అంతే అన్నాడు.  మా ఆవిడ వంతు వచ్చినప్పుడు ఆవిడ లేచి, మాట్లాడటానికి నాకిచ్చిన మూడు నిమిషాలు రొట్టెల కొట్టు పెద్దక్కకి ఇస్తున్నాను అంది.

పెద్దక్క నలుగురిలో మాట్లాడగా అంతకుముందు ఎవరూ వినలేదు. మైకు పట్టుకోవడం తెలీక రొట్టెకర్రలా పట్టుకుంది.

"పొద్దున్నే కిందకి దిగితే తియ్యటి వాసన వచ్చేది," అంది. "పిండి పులిసిన వాసన అనుకునేదాన్ని. నాకు ఇష్టంగా ఉండేది. ఇంకాసేపు అక్కడే కూర్చునేదాన్ని. ఇప్పుడు డాక్టరమ్మ ఆ మందు వాసనే తియ్యగా ఉంటుంది అంటోంది." మైకు రెండు చేతుల్లోకి తీసుకుంది. "నాకేం జరిగిందో తెలీదు. పరీక్షలు చేస్తామన్నారు. చేయించుకుంటాను. కానీ నా తర్వాత ఆ మెట్లు దిగేవాళ్ళు ఆ వాసన పీల్చకూడదు. ఇంతే నా అభిప్రాయం."

మైకు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్ళి కూర్చుంది. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. ముందు వరసలో అధికారులు పెన్నులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. 

కాంక్రీటు ఆలోచన పక్కన పెట్టేశారు. ఫ్యాక్టరీ మట్టి తవ్వి తీసుకుపోవాలనీ, సెల్లార్లకి గాలిగొట్టాలు బిగించాలనీ, ఏటికి అడ్డంగా కందకం తవ్వి నీళ్ళని పట్టి శుభ్రం చేయాలనీ తేల్చారు. చెప్పినంత తొందరగా ఏదీ కాలేదు. రొట్టెల కొట్టు ఆయన భయపడ్డట్టే కొన్నాళ్ళు వెలవెలబోయింది. ఆయన పిండి పనంతా పైకి మార్చాడు, గాలి పరీక్ష కాగితం అద్దానికి అంటించాడు. జనం మెల్లగా తిరిగొచ్చారు, కొందరు రాలేదు. పెద్దక్కకి రక్తపరీక్షలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. తల తిరగడం తగ్గిందంటుంది.

కందకం తవ్వినప్పుడు పేటంతా కంచె బయట నిలబడ్డాం. యంత్రం తారు తీసింది, కంకర తీసింది, విరిగిన ఇటుకలు తీసింది. ఇంకా కిందకి వెళ్ళాక రాళ్ళు వచ్చాయి. నున్నగా, గుండ్రంగా, ఏటి రాళ్ళు. వాటి మధ్యనుంచి నీళ్ళు వచ్చాయి. రంగు ఎప్పుడో పోయింది, మామూలు నీళ్ళే, కానీ పారుతున్నాయి. ఎండపడి మెరిశాయి. ఎంతకాలం తర్వాత వాటి మీద ఎండ పడిందో చెప్పగలిగినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. యంత్రం నడిపేవాడు కూడా ఇంజను ఆపేసి కిందకి తొంగి చూశాడు. ఆ నిశ్శబ్దంలో గలగల వినిపించింది.

ముట్టుకోకూడదని బోర్డు పెట్టారు. మా అమ్మ కంచె పట్టుకుని వంగి చూస్తూ, "ఇది బాగయ్యాక మూసేయకుండా ఉంచుతారటా?" అని అడిగింది.

"తెలీదు అత్తయ్యా," అంది మా ఆవిడ. "అడుగుదాం."